పాత మండువా ఇంట్లో నడిచే హోటల్లో నాన్నగారి డెబ్బైయవ పుట్టినరోజు భోజనం: ముందుగా ఏమేం చూసుకోవాలి?

బ్రాడీపేట వాసి, గుంటూరు

వచ్చే నెలలో మా నాన్నగారికి డెబ్బై ఏళ్లు నిండుతాయి. ఫంక్షన్ హాలు, స్టేజీ, మైకు వంటివేవీ పెట్టవద్దని ఆయన ముందే ఖండితంగా చెప్పేశారు. అందువల్ల ఇంటివాళ్లం, మేనత్తలు, బాబాయిల కుటుంబాలు కలిసి ఇరవై మందికి మించకుండా ఎక్కడైనా ప్రశాంతంగా కూర్చుని మధ్యాహ్న భోజనం చేద్దామని అనుకున్నాం. గుంటూరుకూ విజయవాడకూ మధ్య ఒక పాత మండువా లోగిలిని బాగుచేయించి హోటలుగా నడుపుతున్నారని మా తమ్ముడు చెప్పాడు. మేమింకా అక్కడ తినలేదు కనుక పేరు రాయడం లేదు. తినకుండా మంచి చెప్పినా చెడు చెప్పినా అన్యాయమే.

ఫొటోల్లో చెక్కడపు పని ఉన్న స్తంభాలు, నడుమ ఆకాశం కనిపించే మండువా, గోడలకు చిలకకొయ్యలు, బల్లల మీద ఇత్తడి గిన్నెలు కనిపిస్తున్నాయి. భోజనం ధర మాత్రం మనిషికి వెయ్యి రూపాయలు దాటింది. అరండల్‌పేటలో మంచి హోటల్లో కడుపునిండా తినే భోజనానికి ఇది మూడు నాలుగు రెట్లు. పెట్టలేమని కాదు గానీ, ఆ అదనపు సొమ్ము దేనికి ఇస్తున్నామో తెలుసుకుని ఇస్తే బాగుంటుందని నా ఉద్దేశం.

అసలు సంకోచం వేరే ఉంది. నాన్నగారు తెనాలి దగ్గర పల్లెటూళ్లో అలాంటి ఇంట్లోనే పుట్టి పెరిగారు. అన్నదమ్ముల పంపకాల్లో ఆ ఇల్లు ముక్కలై, చివరికి దూలాలూ ద్వారబంధాలూ కలప వ్యాపారులకు అమ్ముడుపోయాయి. ఏ వాసం ఎటు వాలుతుందో, వాన నీరు ఏ తూములోంచి బయటికి పోతుందో కళ్లకు గంతలు కట్టినా ఆయన చెప్పగలరు. సినిమా సెట్టింగులాంటి చోటికి తీసుకువెళితే ఆయన ఒక్క మాట కూడా అనరు, పెట్టింది తిని చెయ్యి కడుక్కుని లేస్తారు, మాకు ఆ మౌనమే భరించరానిదిగా ఉంటుంది. కాబట్టి ఆ ఇల్లు నిజంగా బాగుచేసినదా లేక పైపై సోకులా అన్నది వెళ్లిన పది నిమిషాల్లో ఎలా పసిగట్టాలి? మా అమ్మకూ పెద్దత్తయ్యకూ మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, అటువంటి ఇళ్లలో వాళ్లకు ఇబ్బంది కలుగుతుందా? వంట సంగతిలో హోటలువారితో ముందుగా ఏం మాట్లాడుకోవాలి? అనుభవం ఉన్నవారు వివరంగా రాయగలరని మనవి.

పాత ఇళ్ల మరమ్మతుల ఇంజనీరు, గుంటూరు

మీ మొదటి ప్రశ్నకు నాకు తెలిసినంతలో సమాధానం రాస్తాను. పాత ఇల్లు అన్న పేరు మీద ఇప్పుడు మూడు రకాల కట్టడాలు చలామణీ అవుతున్నాయి. ఉన్న ఇంటిని ఉన్నచోటనే బాగుచేసినది మొదటిది. ఒక ఊళ్లో విప్పి మరో చోట అవే కొలతలతో మళ్లీ నిలబెట్టినది రెండోది. చెన్నై దగ్గర ముట్టుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్రలో దక్షిణాది ఇళ్లు కొన్ని అలా తరలివచ్చి నిలబడినవే. ఆ సంగతి దాచకుండా చెప్పినంతవరకు అందులో తప్పుపట్టవలసినదేమీ లేదు. ఇక మూడోది, కొత్తగా స్లాబు పోసి, నాలుగు ఊళ్ల ఇళ్లలో విప్పిన స్తంభాలనూ తలుపులనూ దాని ముందు నిలబెట్టినది. మీ నాన్నగారికి మౌనం తెప్పించేది ఇదే.

మూడో రకాన్ని గుర్తుపట్టాలంటే తల ఎత్తి దూలాల పక్కలు చూడండి. పాతకాలపు వడ్రంగి మేకుల మీద ఆధారపడకుండా ఒక చెక్క కొసను మరో చెక్కలో తొలిచిన రంధ్రంలోకి దూర్చి బిగించేవాడు. కాబట్టి దూలం పక్కన ఏమీ దూరకుండా ఖాళీగా మిగిలిన రంధ్రాలు వరసగా కనిపిస్తే, అది మరో ఇంటి కోసం తొలిచిన దూలమన్నమాట. స్తంభాల కింది రాతి దిమ్మలు కూడా చూడండి. ఒక స్తంభం పొట్టిగా ఉండి దాని కింద సిమెంటుతో ఎత్తు పెంచి ఉంటే, ఆ స్తంభాలన్నీ ఒక ఇంటివి కావు. పైకప్పు ఇంకో సాక్ష్యం. ఇల్లు రెండు వందల ఏళ్ల నాటిదని గుమ్మం దగ్గర బోర్డు పెట్టి, పైన మంగళూరు పెంకులు ఉంటే, కనీసం ఆ కప్పు మాత్రం తరువాతిదే. ఎందుకంటే మంగళూరులో ఆ పెంకుల కార్ఖానాను బాసెల్ మిషన్ వారు మొదలుపెట్టినదే 1865లో. కప్పు మార్చడం నేరమేమీ కాదు, వానలకు పాడైన కప్పును ఎవరైనా మార్చవలసిందే. బోర్డు మీది అంకెను మాత్రం నమ్మనక్కరలేదు.

బాగు ఎలా చేశారన్నది గోడలే చెబుతాయి. మన వైపు పాత గోడలు గానుగ సున్నంతో కట్టినవి. సున్నాన్ని గోతిలో వారాల తరబడి నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో నూరి, బెల్లమూ కరక్కాయా ఊరిన నీళ్లు పోసి పూసేవారు. ఆ పూత గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెలల మీద గట్టిపడుతుంది, గోడ లోపలి చెమ్మను మాత్రం ఎప్పటికప్పుడు బయటికి వదులుతూ ఉంటుంది. పక్కనే పిడుగురాళ్లలో సున్నం బట్టీలు ఉండి కూడా, ఓపిక లేక, పని తెలిసిన మేస్త్రీ దొరకక, చాలామంది ఆ గోడ మీద సిమెంటు పూసి, లప్పం పెట్టి, ప్లాస్టిక్ రంగు వేసేస్తారు. చెమ్మకు దారి మూసుకుపోయి, రెండు వర్షాకాలాలు తిరిగేసరికి నేల నుంచి మోకాలెత్తు వరకు రంగు పొక్కులు లేచి, వాటి కింద తెల్లటి ఉప్పు పొడి రాలుతుంది. మీరు వెళ్లినప్పుడు అందరూ చూసే ముందు గోడను వదిలి, చేతులు కడుక్కునే చోట వెనక గోడకు మోకాలెత్తున అరచెయ్యి ఆనించి చూడండి. అక్కడ గోడ చల్లగా, పొడిగా, కొంచెం గరుకుగా ఉంటే పని తెలిసినవాళ్లు చేసినట్టే.

నేను మండువా దగ్గరే ఎక్కువసేపు నిలబడతాను. నాలుగు వైపుల కప్పు లోపలికి వాలి, వాన నీరు నడిమి గుంటలో పడి తూము ద్వారా బయటికి పోవాలి, లోపలి వేడి గాలి ఆ ఖాళీ గుండానే పైకి లేచిపోవాలి. ఆ ఇల్లు రోహిణీ కార్తెలో కూడా నివసించదగినదిగా ఉండేది ఈ ఏర్పాటుతోనూ మందపాటి గోడలతోనూ. దోమలనీ దుమ్మనీ చెప్పి పైన ప్లాస్టిక్ రేకు కప్పేస్తే ఎండ లోపలికి వస్తుంది గానీ వేడి బయటికి పోదు. అప్పుడు నాలుగు ఏసీలు పెట్టినా భోజనం మధ్యలో చెమట పట్టక తప్పదు. పల్చటి వల వేసి ఉంటే పరవాలేదు.

గోడల్లో సన్నటి పగుళ్లు కనిపిస్తే కంగారు పడకండి. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది కాబట్టి ఏ పాత గోడా పగులు లేకుండా నిలవదు. పగులును సున్నంతో పూడ్చి కనిపించనిచ్చిన యజమానిని నేను ఎక్కువగా నమ్ముతాను.

మంగళగిరి నుంచి ఒక చదువరి

ఇంజనీరు గారు ఇంటి గురించి చెప్పింది బాగుంది. ఆ ఇంట్లో భోజనం ఎలా జరిగేదన్నది మాత్రం ఎవరూ అడగడం లేదు. ప్రశ్న వేసినవారు నాన్నగారి జ్ఞాపకాన్ని చెప్పారు. అదే ఇంట్లో పెరిగిన మేనత్తలను కూడా ఒక మాట అడిగితే బాగుంటుందని నాకు అనిపించింది.

నాకు తెలిసిన మండువా ఇళ్లలో మగవాళ్లూ చుట్టాలూ సావిట్లో పీటల మీద కూర్చుని తింటుంటే ఆడవాళ్లు వంటింటికీ సావిడికీ మధ్య తిరుగుతూ వడ్డించేవాళ్లు. పిల్లలు తిన్న తరువాత, పనివాళ్లకు పెట్టిన తరువాత, పొయ్యి పొగ ఇంకా ఆరని వంటింట్లో గోడకు ఆనుకుని, అడుగున మిగిలిన పప్పుతో వాళ్లు తినేవాళ్లు. మండువాలోకి పడే వెలుతురులో కూర్చుని నిదానంగా నాలుగు ముద్దలు తినే భాగ్యం ఆ ఇంటి కోడళ్లకు ఎప్పుడు దక్కిందో నాకు గుర్తు లేదు. ఊళ్లో సగం మందికైతే అరుగు దాటి లోపలికి రావడానికే వీలుండేది కాదు. ఇప్పుడు అదే ఇంటిని బాగుచేసి, అమ్మమ్మ చేతి వంట అని మెనూ మీద అచ్చువేసి, గోడ మీద మాత్రం తలపాగా కట్టుకున్న తాతగారి ఫొటో ఒక్కటే పెడితే ఆ కథ సగమే చెప్పినట్టు.

అయినా నేను వెళ్లవద్దని చెప్పడం లేదు, తప్పక వెళ్లమనే చెబుతున్నాను. ఎవరైనా డబ్బిచ్చి లోపలికి వచ్చి, ఇష్టమైన చోట కూర్చుని, ఒకరి చేత వడ్డించుకుని తినగలగడం ఆ ఇంటి చరిత్రలో చిన్న మార్పు కాదు. అయితే కూర్చోబెట్టే క్రమం మీ చేతిలో ఉంచుకోండి. అత్తయ్యలనూ అమ్మనూ మండువా పక్కన వెలుతురు పడే చోట కూర్చోబెట్టండి. పిల్లలకు తినిపించే పని, ఎవరికి ఏం కావాలో చూసే పని ఆ పూటకు బాబాయిలకు అప్పగించండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను ఫొటోల కోసం కింద పీటల మీద కూర్చోబెట్టే ముచ్చట మాత్రం పెట్టుకోవద్దు.

హోటల్ లైన్లో ఉన్నవాణ్ణి, విజయవాడ

ధర సంగతి నేను చెబుతాను. హైదరాబాదులో 2010లో తాజ్ వాళ్లు హోటలుగా తెరిచిన ఫలక్‌నుమా ప్యాలెస్‌లో నూటొక్క మంది ఒకే బల్ల చుట్టూ కూర్చునే భోజనశాల ఉంది. అది నిజాం కాలపు వైభవం. మన రైతుల మండువా ఇంట్లో ఒక గదిలో పదహారు కుర్చీలు వేస్తే సప్లయర్ తిరగడానికి చోటుండదు. మామూలు హోటల్లో మధ్యాహ్నం ఒక బల్ల మీద మూడు నాలుగు సార్లు జనం మారతారు. ఇటువంటి చోట ఒకసారి కూర్చున్నవాళ్లు గంటన్నర కదలరు, కదలమని అడగకూడదు కూడా. ఏటేటా పెంకులు తీసి సర్దించే ఖర్చు, చెదలు పట్టకుండా కలపకు మందు పట్టించే ఖర్చు కూడా మీ ప్లేటు మీదికే వస్తాయి. కనుక మూడు రెట్లన్నది అన్యాయం కాదు, వంట ఆ స్థాయిలో ఉన్నంతవరకు.

వంట ఎక్కడ చేస్తున్నారో తప్పక అడగండి. టేకు దూలాల కింద ఇరవై మందికి సరిపడే పొయ్యిలు వెలిగించడం ప్రమాదం, పైగా నూనె పొగ కలపకు పట్టి జిడ్డు కడుతుంది. బుద్ధి ఉన్నవాళ్లు పెరట్లో విడిగా షెడ్డు కట్టి, పందొమ్మిది కిలోల సిలిండర్లను బయటే పెట్టి అక్కడ వండుతారు. దానివల్ల వచ్చే చిక్కు ఒకటుంది. షెడ్డు నుంచి సావిడికి వచ్చేలోపు గారె మెత్తబడుతుంది, అప్పడం సాగుతుంది, పెసరట్టు అయితే అసలే పనికిరాదు. దోసకాయ పప్పు, మజ్జిగ పులుసు, ఉలవచారు, గోంగూర పచ్చడి, పులిహోర వంటివి ఆ దూరాన్ని తట్టుకుంటాయి, కొన్ని నిలిస్తే రుచి పెరుగుతాయి కూడా. అందుచేత మెనూ కార్డు చూసి అప్పటికప్పుడు ఇరవై మంది ఇరవై రకాలు చెప్పకుండా, మూడు రోజుల ముందే ఒకే భోజనం మాట్లాడుకోండి. గుత్తివంకాయ కావాలంటే వంట మాస్టర్‌తో నేరుగా మాట్లాడి, చిన్న కాయలు తెప్పించి, మసాలా కూరి సన్నటి సెగ మీద మగ్గనిచ్చి చేస్తారా లేక ముందే వేయించిపెట్టిన కాయలను గ్రేవీలో వేసి తెస్తారా అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు ఆయన ఇచ్చే జవాబుతో ఆ వంటింటి సంగతి మొత్తం తెలిసిపోతుంది. ఆదివారం వద్దు, పని దినాన వెళ్లండి.

ఫొటోల్లో ఇత్తడి గిన్నెలు చూశానన్నారు. చింతపండు పడిన పులుసు గానీ చారు గానీ ఇత్తడి గిన్నెలో తెస్తే లోపలివైపు చూడండి. కళాయి, అంటే తగరపు పూత, పూసి ఉంటే తెల్లగా, వెండి రంగులో మెరుస్తుంది. పసుపుపచ్చగా ఇత్తడే కనిపిస్తుంటే పులుపు తగిలి చిలుము పడుతుంది, అది ఆరోగ్యానికి మంచిది కాదు. కళాయి వేసేవాళ్లు ఇప్పుడు అరుదుగా దొరుకుతున్నారు కనుక చాలాచోట్ల ఇత్తడి పైకి కనిపించేలా పెట్టి లోపల స్టీలు గిన్నె దించుతున్నారు. చూడడానికి అంత బాగుండకపోయినా తినడానికి అదే మేలు.

బిల్లు విషయం రెండు మాటల్లో చెబుతాను. గదులు అద్దెకివ్వని మామూలు హోటల్లో జీఎస్టీ 5 శాతం. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే లైసెన్సు నంబరు బిల్లు మీద ఉండాలన్న నిబంధన 2022 జనవరి నుంచి అమలులో ఉంది. సర్వీస్ ఛార్జీని వారంతట వారు కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మాటనే నిలబెట్టింది. వడ్డించినవాళ్లకు ఇవ్వాలనిపిస్తే వాళ్ల చేతికే ఇవ్వండి.

గాంధీనగర్ నుంచి

ఇంత విచారణ పెళ్లి సంబంధాలకు కూడా జరగడం లేదు. నా సలహా ఒక్కటే, పెద్దాయనను తీసుకువెళ్లే ముందు మీరిద్దరు అన్నదమ్ములు వెళ్లి మామూలు గిరాకీగా ఒక పూట తిని రండి.

బ్రాడీపేట వాసి, గుంటూరు

అందరికీ కృతజ్ఞతలు. గాంధీనగర్ వారి సలహా ప్రకారం నేనూ తమ్ముడూ మొన్న మధ్యాహ్నం వెళ్లి తిని వచ్చాం. ఇల్లు ఉన్నచోటనే బాగుచేసినది. ముందు భాగంలో స్తంభాల దిమ్మలన్నీ సమానంగా ఉన్నాయి గానీ వెనక వసారాలో రెండు దూలాలకు ఇంజనీరు గారు చెప్పిన ఖాళీ రంధ్రాలు కనిపించాయి. యజమానిని అడిగితే తడుముకోకుండా, పాత దూలాలు చెదలు తినేయడంతో దివిసీమ వైపు విప్పిన ఒక ఇంటి నుంచి వాటిని కొని తెచ్చామని చెప్పి, ఏ రెండో చేతితో తట్టి చూపించారు. చేతులు కడిగే చోట గోడకు మాత్రం చవుడు పట్టి ఉంది. మండువా మీద వల తప్ప మరేమీ లేదు.

గడప జానెడు ఎత్తు ఉంది, అరుగెక్కడానికి మెట్లకు పట్టుకునే ఆధారం లేదు. పెరటి వైపు నుంచి మెట్లు లేకుండా లోపలికి వచ్చే దారి ఉందని, ఆ రోజు కారును అటే రానిస్తామని అన్నారు. అత్తయ్యలకు మండువా పక్క బల్ల చెప్పి ఉంచాను. మంగళగిరి చదువరి గారి మాటలు పెద్దత్తయ్యకు చదివి వినిపిస్తే చాలాసేపు నవ్వి, వడ్డించే పని బాబాయిలకు అప్పగించడం తాను కళ్లారా చూడవలసిందేనని అన్నారు.

వంట మాస్టర్ గుత్తివంకాయ ప్రశ్నకు దాపరికం లేకుండా, ఆదివారాల్లో వేయించిపెట్టిన కాయలే వాడతామని, గురువారమైతే నిదానంగా మగ్గనిచ్చి చేసిపెడతానని చెప్పారు. గురువారమే ఖాయం చేశాం. మేము తిన్న ఉలవచారు బాగుంది, పప్పులో తాలింపు మాడింది, ఆ సంగతి ఆయనకే చెప్పాం. గిన్నెల లోపల స్టీలే ఉంది.

ఒక సందేహం మిగిలింది. ఆ రోజుల్లో వానలు పడే అవకాశం ఉంది. మండువా తెరిచే ఉంటే పక్కన కూర్చున్న పెద్దవాళ్ల మీద జల్లు పడుతుందా?

పాత ఇళ్ల మరమ్మతుల ఇంజనీరు, గుంటూరు

గాలి లేని వాన అయితే చూరు నీళ్లు నేరుగా గుంటలోనే పడతాయి. గాలివాన అయితే గాలి వీచే వైపును బట్టి రెండు మూడు అడుగుల మేర జల్లు లోపలికి కొడుతుంది. బల్లను స్తంభాల వరసకు లోపలివైపు, గోడకు దగ్గరగా వేయించండి, అక్కడికి వెలుతురు ఎలాగూ వస్తుంది. నాపరాతి నేల తడిసిందంటే జారుతుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నడిచే దారిలో గోనెపట్టా పరిపించండి. అన్నిటికంటే ముందు తూము చూడమనండి. ఎండుటాకులూ విస్తరి ముక్కలూ అడ్డుపడితే అరగంట వానకే గుంట నిండి నీళ్లు సావిట్లోకి వస్తాయి. ముందురోజు తూములో నాలుగు బిందెల నీళ్లు పోసి బయటికి పోతున్నాయో లేదో చూసుకోమని యజమానికి బుధవారం ఫోన్లో గుర్తుచేయండి.